జిగ్మంట్ ఎత్తిన చెయ్యి

జిగ్మంట్ వ్రోబెల్ బాస్కెట్‌బాల్‌లోకి వచ్చింది తండ్రి శవాన్ని మోస్తూ. మాటవరసకి అనడం లేదు, జరిగిందే చెబుతున్నాను. 1925 మార్చిలో, మా బొగ్గుగనుల ఊరు కార్బన్ హిల్‌లో, పోలిష్ చర్చి నుంచి శ్మశానానికి ఎక్కే దారిలో, ఆరుగురు శవపేటికని భుజాల మీద మోస్తున్నారు. ఐదుగురు గనిలో పనిచేసి నడుములు వంగిపోయినవాళ్లు. ఆరోవాడు జిగ్మంట్. పదిహేడేళ్లకే ఆరడుగుల ఐదంగుళాలు. అతనున్న మూల పైకి లేచి, పెట్టె ఒక పక్కకి ఒరిగిపోయింది. లోపల ముసలాయన జారుతున్న చప్పుడు వెనక నడిచేవాళ్లకి కూడా వినపడింది. ఫాదర్‌గారు ప్రార్థన ఆపి, "వంగు నాయనా, కాస్త వంగు" అన్నారు. జిగ్మంట్ మోకాళ్లు మడిచి కొండ మీదిదాకా అలాగే నడిచాడు.

ముసలాయన అంటున్నాను గానీ ఆయనకి నలభై ఆరే. ముప్పై ఏళ్లు మూడున్నర అడుగుల ఎత్తున్న సొరంగాల్లో పాకి బొగ్గు తవ్విన మనిషి. వెన్ను ఎంత వంగిపోయిందంటే, పెట్టెలో వెల్లకిలా పడుకోబెడితే మూత పడలేదు. పెట్టె చేసినవాడు జిగ్మంట్‌ని పిలిచి, "నువ్వు భుజాలు అదిమిపట్టు, నేను మేకులు కొట్టేస్తా" అన్నాడు. అదిమిపట్టాడు. ఏడవలేదు. అప్పటికి రెండేళ్లుగా అతనూ గనిలో కంచరగాడిదలు తోలుతున్నాడు. పైకప్పు దూలాలకి కొట్టుకుని కొట్టుకుని నడినెత్తిన జుట్టు కూడా సరిగ్గా మొలిచేది కాదు. ఆకలితో మాడినా సరే, ఇంక ఆ సొరంగంలోకి దిగకూడదని ఆ రోజు గట్టిగా అనుకున్నాడు. నిటారుగా నిలబడి చేసుకునే పని, అదొక్కటే అతను జీవితంలో కోరుకున్నది. ఇంతకంటే చిన్న కోరిక మా ఊళ్లో ఎవరికీ ఉన్నట్టు నాకు తెలీదు.

సమాధిలో మట్టి పూర్తిగా పడకముందే మెక్‌గ్లిన్ వచ్చి అతని పక్కన నిలబడ్డాడు. ఫైర్ స్టేషన్ మేడ మీద డాన్స్ హాలు ఇతనిదే. డాన్సుకి జనం రావాలంటే ముందు ఏదో ఒక కొట్లాట చూపించాలని కనిపెట్టి, బాస్కెట్‌బాల్ జట్టు పెట్టాడు. చావుకి వచ్చినా పెళ్లికి వచ్చినా మనుషుల్ని కళ్లతో కొలుస్తూ తిరిగే రకం.

"నీ ఎత్తెంత అబ్బాయ్?"

"తెలీదండీ."

"ఎప్పుడైనా బంతి పట్టావా?"

"లేదండీ."

"పట్టక్కర్లేదులే. ఎగరగలవా?"

జిగ్మంట్ గోతి వైపు చూసి, మళ్లీ మెక్‌గ్లిన్ వైపు చూశాడు. "ఇప్పుడా?" అన్నాడు.

"ఇప్పుడు కాదులేవయ్యా, నువ్వొకడివి దొరికావు! సోమవారం హాలుకి రా."

ఇప్పటి ఆట చూసేవాళ్లకి అప్పటి సెంటర్, అంటే జట్టులో పొడుగువాడు, చేసే పనేమిటో చెబితే నవ్వొస్తుంది. అప్పట్లో ఎవరు బుట్ట వేసినా సరే, బంతి మళ్లీ హాలు నడిమధ్య గీసిన గుండ్రంలోకి రావాలి. రెండు జట్ల సెంటర్లూ అందులో ఎదురెదురుగా నిలబడాలి. ఒక చెయ్యి నడుం వెనక పెట్టుకోవాలి, అది మా లీగ్ రూలు. రెఫరీ బంతి పైకి విసిరితే, ఎగిరి రెండో చేత్తో దాన్ని తనవాళ్ల వైపు తట్టాలి. మళ్లీ బుట్ట, మళ్లీ గుండ్రం, మళ్లీ ఎగురుడు. ఆటకి ముప్పై సార్లు, ఒక్కోసారి నలభై. పొడుగువాడు ఉన్న జట్టుదే బంతి, బంతి ఉన్న జట్టుదే ఆట.

మెక్‌గ్లిన్ అతనికి నేర్పిన చదువు ఒక్క ముక్కలో అయిపోయింది. "బుట్ట వైపు చూడకు. అది నీకు సంబంధించింది కాదు. నువ్వు బుట్ట వెయ్యబోయావంటే ఆ రోజు కూలి లేదు." జిగ్మంట్ బుద్ధిమంతుడు. పన్నెండు చలికాలాలు బుట్ట వైపు చూడలేదు.

ఎగరడంలో మాత్రం అతనంతటివాడు మా లోయలో లేడు. పొడుగొక్కటే కాదు కారణం. రెఫరీ బంతి విసిరే ముందు ఊపిరి లోపలికి పీలుస్తాడని అతను కనిపెట్టాడు. కళ్లు బంతి మీద కాకుండా చెవి రెఫరీ ముక్కు మీద పెట్టేవాడు. హాల్లో నాలుగు వందల మంది అరుస్తున్నా ఆ పీల్పు అతనికి వినపడేది. అవతలివాడు బంతి చేతిలోంచి లేచాక ఎగిరితే, ఇతను అప్పటికే పైన ఉండేవాడు. ఈ సంగతి పెళ్లానికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మొదటి ఏడెనిమిదేళ్లు మేం ఆడించింది ఇనుప తీగల బోనులో. ఆటగాళ్లు జనం మీద పడకుండా అని పేరు, నిజానికి జనం ఆటగాళ్ల మీద పడకుండా. మావాళ్లు గని టోపీల దీపాల మీద మేకులు ఎర్రగా కాల్చి అవతలి జట్టు తొడలకేసి విసిరేవాళ్లు. గొప్పగా చెప్పుకోవడం లేదు, అలా ఉండేది. ఆటయ్యాక డాన్సు కాబట్టి నేలకి ముందే మైనం పట్టించేవాళ్లు. ఆ నున్నటి చెక్కల మీద ముప్పై సార్లు ఎగిరి ముప్పై సార్లు దిగాలి. దిగినప్పుడల్లా ఎవడో ఒకడి కాలు కింద ఉంటుంది. పోనీలే, నిటారుగా నిలబడే పనే కదా అనుకునేవాడు జిగ్మంట్. వేసవిలో ఆ హాలుకే రంగులు వేసేవాడు, నేల తోమేవాడు. అదీ నిలబడి చేసే పనే. ఆ పని జట్టులో ఉన్నవాళ్లకే ఇచ్చేవాడు మెక్‌గ్లిన్.

బ్రోన్యా అతనికి దొరికింది ఆ డాన్సుల్లోనే. పట్టు మిల్లులో దారాలు ముడివేసే పిల్ల, అతని మోచేతిదాకా కూడా రాదు. మొదటిసారి చెయ్యి పట్టుకుని తిరిగినప్పుడే అనేసింది.

"ఏమయ్యా, నీతో డాన్స్ చేస్తే నాకు నీ చొక్కా గుండీలు తప్ప ఏమీ కనపడవు. అందులో ఒకటి ఊడింది కూడా."

"కుట్టుకోవడం రాదు."

"నేను కుట్టిపెడితే మా వీధిలో పెళ్లి కుదిరిందనుకుంటారు."

"అనుకోనీ" అన్నాడు జిగ్మంట్. అతను ఆడపిల్లలతో ఆడిన మాటల్లో అదే పొడుగైనది. ఈస్టర్ వెళ్లాక పెళ్లయింది.

గెలిచినా ఓడినా అతని మొహంలో తేడా కనపడేది కాదు. జనం భుజాలు చరిచి తాగించేవాళ్లు, తాగేవాడు. ఓడితే బూతులు తిట్టేవాళ్లు, వినేవాడు. శవపేటిక మీద అదిమిపట్టిన చేతులు ఇంకా తియ్యనట్టు ఉండేవాడు. బ్రోన్యా మొదట్లో బాధపడింది, తర్వాత అలవాటు చేసుకుంది. కడుపునిండా క్యాబేజీ కూర పెట్టి, "బాగుందా?" అంటే, "ఊఁ" అనేవాడు. మాడిపోయిన రోజూ "ఊఁ" అనే అనేవాడు.

అతని చేత నాలుగు మాటలు ఆడించింది ఇంకొక్కడే, మోర్ట్ గ్లిక్. ఫిలడెల్ఫియా యూదుల జట్టులో సెంటర్, పగలు బట్టల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించేవాడు. జిగ్మంట్ కంటే కాస్త పొట్టి, అతనికంటే చాలా తెలివైనవాడు. చలికాలానికి నాలుగైదు సార్లు వాళ్ల జట్టు వచ్చేది. ఆటయ్యాక రైలు అందుకోవాలని పరిగెత్తేవాళ్లు, పైగా అవతలివాళ్లతో కబుర్లాడితే మెక్‌గ్లిన్ ఊరుకోడు. అందుకని మోర్ట్ గుండ్రంలోనే మాట్లాడేవాడు. ఒక్కో ఎగురుడికి ఒక్కో ముక్క.

"ఒరేయ్ పొడుగోడా, ఒక దర్జీ దగ్గరికి నీలాంటోడు వచ్చాడు." బంతి లేచింది. ఎగిరారు. ఎవడో బుట్ట వేశాడు. మళ్లీ గుండ్రం.

"సూటు కుట్టమన్నాడు." ఎగిరారు.

"దర్జీ స్టూలెక్కి భుజాలు కొలిచాడు." ఎగిరారు.

"తర్వాత నేల మీద బోర్లా పడుకుని కాళ్లు కొలిచాడు." ఎగిరారు. అంతలో ఆట అయిపోయింది.

మిగతా ముక్క వినడానికి జిగ్మంట్ మూడు వారాలు ఆగాల్సొచ్చింది. మోర్ట్ మళ్లీ వచ్చి గుండ్రంలో నిలబడగానే, పలకరింపు కూడా లేకుండా, "అయ్యా, సూటు నా వల్ల కాదు, గుడారమైతే కుడతానన్నాడు" అన్నాడు. జిగ్మంట్ ఫక్కున నవ్వేశాడు. రెఫరీ ఊపిరి వినపడలేదు. బంతి మోర్ట్ తట్టేసుకున్నాడు. పన్నెండేళ్లలో జిగ్మంట్ నవ్వి పోగొట్టుకున్న బంతి అదొక్కటే.

తొమ్మిదో ఏడు వచ్చేసరికి మోకాళ్లు మొండికేశాయి. ఆట మర్నాడు రెండూ ఉబ్బి రొట్టె ముద్దల్లా ఉండేవి. బ్రోన్యా ఉప్పు వేయించి, సంచిలో పోసి కాపడం పెట్టేది. తర్వాత తర్వాత ఎడమకాలికి మోకాలి కింద స్పర్శే పోయింది. ఒకసారి కాపడం సంచి మరీ వేడెక్కి చర్మం కమిలినా అతనికి తెలియలేదు. వాసన చూసి బ్రోన్యాయే గుర్తుపట్టింది.

"నీకు నొప్పి తెలీడంలేదా?" అని అరిచింది.

"తెలీకపోతే మంచిదేగా."

"నీ బొంద మంచిది! ఆ మెక్‌గ్లిన్‌తో చెప్పు, రెండు నెలలు మాన్పించమని."

చెప్పలేదు. రెండు నెలలు మానితే ఇంకోడు వస్తాడు. ఇంకోడు వస్తే తనకి మిగిలేది గనే. 1930 తర్వాత మా లోయలో వేరే పని అన్నదే లేదు. పట్టు మిల్లు కూడా 1936లో తలుపులు మూసింది. బ్రోన్యా ఇంట్లోనే కూర్చుని నలుగురి బట్టలు కుట్టేది.

ఆ రోజుల్లోనే రూలు మారుస్తారన్న పుకారు పుట్టింది. బుట్ట పడ్డాక గుండ్రంలోకి రానక్కర్లేదట. ఎవరి మీద బుట్ట పడిందో వాళ్లే బంతి తీసుకుని అటునుంచి అటే పరుగెత్తుతారట. సెంటర్లు ఎగిరేది మొదటి సగం మొదట్లో ఒకసారి, రెండో సగం మొదట్లో ఒకసారి, అంతే. ఇంతోటి ఎగురుళ్లు చూసి జనం విసిగిపోయారని కొందరన్నారు. జనం విసుగుదలకేం, మా జనం ప్రార్థనకి కూడా విసుక్కుంటారు.

1937 మార్చిలో ఆఖరి ఆటకి ఫిలడెల్ఫియావాళ్లు వచ్చారు. ఆ రోజు మోర్ట్ జోకులు చెప్పలేదు.

"వచ్చే నెల ఓటు పెడుతున్నారు. ఆటగాళ్ల చేతే." ఎగిరారు.

"చెయ్యి ఎత్తకు." ఎగిరారు.

"నేను బుట్ట వెయ్యడం నేర్చుకుంటున్నా. నువ్వూ నేర్చుకో." ఎగిరారు. జిగ్మంట్ ఎడమకాలి మీద సరిగ్గా దిగలేక తూలాడు.

తర్వాతి సారి గుండ్రంలోకి వచ్చినప్పుడు జిగ్మంటే నోరు విప్పాడు. "ఆటకి రెండు సార్లేనా ఎగరాలి?" అన్నాడు.

మోర్ట్ అతని మొహంలోకి చూసి, "ఒరేయ్ పిచ్చోడా" అన్నాడు. బంతి లేచింది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం, చర్చి అయ్యాక, మెక్‌గ్లిన్ కారులో జట్టుని ఆ ఓటు కోసం విల్క్స్‌బారీ పట్నానికి తీసుకెళ్లాడు. జిగ్మంట్‌ని ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. అంతకుముందెప్పుడూ అలా కూర్చోబెట్టుకోలేదు.

"నీ మోకాళ్లు చూస్తుంటే నా కడుపు తరుక్కుపోతోందయ్యా" అన్నాడు. "ఈ రూలు వస్తే నీకు ఇంకో ఐదేళ్లు ఢోకా లేదు. రెండంటే రెండు ఎగురుళ్లు. హాయిగా ఆడుకోవచ్చు."

"మరి మిగతాసేపు నేనేం చెయ్యాలండీ?"

"సెంటర్ సెంటరే కదయ్యా. జట్టన్నాక సెంటర్ లేకుండా ఉంటుందా?"

జిగ్మంట్‌కి ఆ మాట సబబుగానే తోచింది. పన్నెండేళ్లుగా బుట్ట వైపు చూడనివాడికి బుట్టే ఆటంతా అని ఎలా తడుతుంది? అతని లెక్కలో సెంటర్ అంటే ఇంటికి దూలం లాంటివాడు. దూలాన్ని తీసేసి ఇల్లు ఎవరు కట్టుకుంటారు? దూలానికి బరువు తగ్గిస్తామంటున్నారు, మంచిదేగా అనుకున్నాడు.

హోటల్ హాల్లో ఆరు జట్ల ఆటగాళ్లు నలభై రెండు మంది ఉన్నారు. యజమానులు వాళ్లలో వాళ్లు తేల్చుకోలేక ఆటగాళ్ల మీదికి తోసేశారు. లీగ్ పెద్ద లేచి, రూలు మార్చాలనేవాళ్లు చేతులెత్తండి అన్నాడు. ఫార్వర్డులూ గార్డులూ, అంటే గుండ్రంలో ఎగరనక్కర్లేని మిగతావాళ్లంతా, ఒక్కుమ్మడిగా ఎత్తేశారు, వాళ్లకేం పోయింది? ఆరుగురు సెంటర్లూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. మోర్ట్ రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, జిగ్మంట్‌నే చూస్తూ తల అడ్డంగా ఊపాడు. జిగ్మంట్‌కి ఆ క్షణాన మోకాళ్లు తప్ప ఏమీ గుర్తులేదు. రాత్రంతా నిద్రపట్టనివ్వని మోకాళ్లు. చెయ్యి పైకి లేచింది. హాల్లో అందరి చేతులకన్నా ఎత్తుగా ఉంది ఆ చెయ్యి. అతన్ని చూసి ఇంకో ఇద్దరు సెంటర్లు ఎత్తారు. ముప్పై తొమ్మిది. ఎత్తనివాళ్లు ముగ్గురు.

బయటికి వస్తుంటే మోర్ట్ మెట్ల దగ్గర ఆపాడు. పన్నెండేళ్లలో వాళ్లిద్దరూ గుండ్రం బయట నిలబడింది అదే మొదలు.

"ఇంటికెళ్లి మోకాళ్లకి చెప్పు, గెలిచామని" అన్నాడు మోర్ట్. కోపంగానే అన్నాడు. తర్వాత టోపీ సర్దుకుని, "రోజుకి వంద బంతులు వెయ్యరా. ఇప్పటికైనా మొదలుపెట్టు" అన్నాడు.

ఇంటికి వచ్చి బ్రోన్యాతో ఎగురుళ్లు తగ్గాయని చెప్పాడు. ఆమె సంతోషించి, నెయ్యి ఎక్కువ వేసి బంగాళాదుంప అట్లు వేసింది. రెండోది తింటుండగా అడిగింది.

"మరి వాళ్లు నీకెందుకిస్తారు కూలి?"

జిగ్మంట్ నమలడం ఆపాడు. ఆ ప్రశ్న అతనికి అంతవరకూ తట్టలేదు. ఆ తర్వాత అట్టు పూర్తిగా తిన్నాడు, రుచి తెలియలేదు.

ఆ వేసవంతా పొద్దున్నే హాలుకి వెళ్లి బంతులు వేశాడు. బ్రోన్యా బుట్ట కింద నిలబడి అందించేది. చేతులు చెప్పిన మాట వినలేదు. బంతి రాగానే అతని వేళ్లు దాన్ని పట్టుకోవు, తట్టేస్తాయి. పట్టుకుని వేద్దామని నిలబడితే ఎడమచెయ్యి దానంతటదే నడుం వెనక్కి వెళ్లిపోయేది. బ్రోన్యా వెళ్లి ఆ చేతిని ముందుకి లాగి బంతి మీద పెట్టేది. రెండు నిమిషాలకి మళ్లీ వెనక్కే. ఒకరోజు ఆమె విసుగొచ్చి, పావడా ఎగదోపుకుని, బంతిని రెండు చేతులతో మోకాళ్ల మధ్యనుంచి పైకి విసిరింది. పడింది. మళ్లీ విసిరింది, మళ్లీ పడింది. ఐదు వేసింది.

"నన్ను పెట్టుకోమను మెక్‌గ్లిన్‌ని!" అని పడీపడీ నవ్వింది.

జిగ్మంట్ కూడా నవ్వాడు. నవ్వుతూనే గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. అప్పుడు అర్థమైంది బ్రోన్యాకి, ఈ మనిషికి ఇంక రాదని. బంతి తెచ్చి మళ్లీ చేతికిచ్చింది.

నవంబరులో కొత్త ఆటలు మొదలయ్యాయి. మెక్‌గ్లిన్ కాలేజీ చదివిన ఇరవై రెండేళ్లవాణ్ణి సెంటర్‌గా తెచ్చాడు. ఎగురుతాడు, పరుగెత్తుతాడు, ఎటునుంచి పడితే అటునుంచి బుట్ట వేస్తాడు. జిగ్మంట్‌ని తీసెయ్యలేదు, అందుకు మెక్‌గ్లిన్‌ని మెచ్చుకోవాలి కాబోలు. ఆట మొదట్లో అతన్ని పిలిచి, "మన జిగ్గీ!" అని కేకపెట్టేవాడు. జిగ్మంట్ వచ్చి ఒక ఎగురు ఎగిరి, బంతి తట్టి, బయటికి వచ్చి బెంచీ మీద కూర్చునేవాడు. రెండో సగంలో ఇంకొకటి. కూలి అంతకుముందు ఇచ్చినదాంట్లో నాలుగో వంతు.

మొదటి రెండు వారాలు జనం లేచి చప్పట్లు కొట్టారు. మూడో వారం నవ్వారు. ఎవడో తువ్వాలు విసిరి, "చెమట తుడుచుకో జిగ్గీ, అలిసిపోయావ్!" అని అరిచాడు. హాలంతా గొల్లుమంది. జిగ్మంట్ ఆ తువ్వాలు మడిచి పక్కన పెట్టాడు. అవమానం అనిపించాలని అతనికి తెలుసు. లోపల వెతుక్కున్నాడు గానీ ఏమీ దొరకలేదు. అనిపించింది బ్రోన్యాకి. లేచి, ఆ అరిచినవాడి టోపీ లాక్కుని స్టవ్‌లో పడేసింది.

దారిలో, "నిన్ను చూసి నవ్వుతున్నారయ్యా" అంది ఏడుస్తూ. "రేపట్నుంచి వెళ్లకు."

"నవ్వనీ. నిలబడే ఉన్నాగా."

క్రిస్మస్ వారంలో ఫిలడెల్ఫియావాళ్లు వచ్చారు. మోర్ట్ గుండ్రంలోకి వచ్చి, "ఎలా ఉన్నావురా?" అన్నాడు. జవాబు చెప్పేలోగా బంతి లేచింది. తట్టి జిగ్మంట్ బెంచీకి వచ్చేశాడు. అక్కణ్నుంచి మోర్ట్ ఆడుతుంటే చూశాడు. ముప్పై ఐదేళ్ల మనిషి, బట్టతల, కుర్రాళ్ల వెనక రొప్పుతూ పరుగెత్తుతున్నాడు. పక్కనుంచి నాలుగు బుట్టలు వేశాడు. ఒక్కొక్కటీ పడినప్పుడల్లా జిగ్మంట్ గుండ్రం వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు, అందరూ అవతలి కొసకి పరుగెత్తుతున్నారు. రెండో సగం మొదట్లో మళ్లీ ఎదురెదురుగా నిలబడ్డారు.

"బాగానే ఉన్నా" అన్నాడు జిగ్మంట్.

మోర్ట్ నోరు తెరిచేలోగా బంతి లేచింది. ఇంకో ఎగురుడు లేదు. అతని కళ్లు ఎర్రగా ఉండటం జిగ్మంట్ చూశాడు.

కొత్త సంవత్సరం రెండో వారంలో మెక్‌గ్లిన్ హాలు మెట్ల మీద కనపడి, భుజం తడదామని చెయ్యెత్తి, అందక, మోచెయ్యి తట్టాడు.

"ఏం చెయ్యమంటావయ్యా, జనం మారిపోయారు."

"అలాగేనండీ" అన్నాడు జిగ్మంట్.

ఊళ్లోనూ పక్క ఊళ్లలోనూ పని కోసం మూడు వారాలు తిరిగాడు. సారా కొట్టులో అడిగాడు, రైల్వే యార్డులో అడిగాడు, చర్చిలో మంచు ఎత్తే పని ఉందేమోనని కూడా అడిగాడు. ప్రతిచోటా అతన్ని గుర్తుపట్టి కాఫీ ఇచ్చారు, పని ఇవ్వలేదు. నాలుగో వారం సోమవారం గని ఆఫీసుకి వెళ్లాడు. ఫోర్‌మన్ అతన్ని కిందనుంచి పైదాకా చూసి, "నాలుగో లెవెల్లో ఖాళీ ఉంది. ఎత్తు మూడడుగుల ఎనిమిదంగుళాలు. నీ ఇష్టం" అన్నాడు. జిగ్మంట్ కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆ సొరంగంలో నిలబడటం అన్నది లేదు. పొద్దున్న లోపలికి పాకి, మోకాళ్ల మీద ఉండి తవ్వి, సాయంత్రం పాకుతూ బయటికి రావాలి. మొదటి రోజు పక్కన తవ్వుతున్న ముసలాయన అతన్ని గుర్తుపట్టాడు. "జిగ్గీ, మోకాళ్ల కింద గోనెపట్టా మడిచి పెట్టుకో. లేకపోతే రాళ్లు దిగుతాయి" అన్నాడు. మా ఊరివాళ్లకి నవ్వు ఎక్కడ రావాలో తెలుసు. అక్కడ ఎవరూ నవ్వలేదు.

నాలుగింటికి ఇంటికి వచ్చేసరికి బ్రోన్యా వంటింట్లో తొట్టి పెట్టి నీళ్లు కాచి ఉంచేది. మా గనివాళ్ల ఇళ్లలో మగవాడి వీపు పెళ్లామే రుద్దాలి. అతను తొట్టిలో పట్టడు. కాళ్లు మడుచుకుని, గడ్డం మోకాళ్లకి ఆనించి కూర్చునేవాడు. ఆమె సబ్బు రాస్తూ రోజూ ఏవో కబుర్లు చెప్పేది. అతను రోజూ "ఊఁ" అనేవాడు. ఫిబ్రవరి అంతా అలాగే గడిచింది.

మార్చిలో ఒకరోజు వీపు తోముతుంటే వెన్ను మధ్యలో రాయి గీసిన పొడుగాటి గాయం కనపడింది. రక్తం మసితో కలిసి గట్టిపడిపోయింది.

"ఇదెప్పుడు తగిలింది?"

"తెలీదు."

ఆమెకి దుఃఖం ఆగలేదు. "ఆ మెక్‌గ్లిన్ గాడు బాగుపడడు" అంది. "ఆ లీగ్ వాళ్లూ బాగుపడరు. నిన్ను మళ్లీ ఇందులోకి తోసేశారు."

నీళ్లు నల్లగా చల్లారుతున్నాయి. ఆమె చెంబుతో వేడినీళ్లు కలిపి, గొంతు మార్చి చెప్పింది.

"నువ్వు చెయ్యెత్తావని బాధపడుతున్నావేమో. నేను ఎప్పుడో లెక్కేశాను. నీది తీసేసినా ముప్పై ఎనిమిది ఉన్నాయి. నువ్వు ఎత్తినా ఎత్తకపోయినా వాళ్లు మార్చేసేవాళ్లే."

"తెలుసు" అన్నాడు.

"మరింకేం?"

ఆమె అతను వినలేదేమోననుకుని గాయం పక్కన నెమ్మదిగా గుడ్డతో అద్దడం మొదలుపెట్టింది.

"మా నాన్నకి ఇంకో దారి లేదు, దిగాడు" అన్నాడు జిగ్మంట్. "మోర్ట్‌ని రేపో మాపో వాళ్లే తీసేస్తారు. వాడు ఇంటికెళ్లి, నన్ను తీసేశారని చెప్పుకుంటాడు, నలుగురూ అయ్యో అంటారు. నన్నెవరూ ఏమీ చెయ్యలేదు బ్రోన్యా. చేతులెత్తండి అన్నారు. నేను ఎత్తాను. అందరికంటే పైకి ఎత్తాను."

ఆ మాట అనేసి ఏడ్చాడు. చప్పుడు లేకుండా కాదు, తండ్రి పోయినప్పుడు ఏడవాల్సినదంతా కలిపి, పక్కింటివాళ్లకి వినపడేలా ఏడ్చాడు. పన్నెండేళ్ల కాపురంలో బ్రోన్యా ఆ గొంతు వినలేదు. గుడ్డ పక్కన పడేసి, తడిచేతులతోనే అతని తల పట్టుకుని పొట్టకి ఆనించుకుంది. ఊరుకో అనలేదు. పొయ్యి మీద ఇంకో గిన్నె నీళ్లు కాగి పొర్లుతున్నా కదలకుండా అలాగే నిలబడింది.